దయకు ఎన్ని మార్కులు?

మనుషుల మధ్య మసలడానికి తయారుచేసే యంత్రాన్ని ఇప్పుడు సోషల్ రోబో అంటున్నారు. ఇది ఫ్యాక్టరీలో బోల్టులు బిగించే మర కాదు. పలకరిస్తుంది, కళ్ళు తిప్పుతుంది, విన్నట్టు తలూపుతుంది. పలకరించడం, వినడం, ఓదార్చడం ఇంతకాలం ఎవరి పనులు? ఎవరు జీతం లేకుండా చేసిన పనులు? ఈ ప్రశ్న వేసుకోకుండా ఆ యంత్రం మంచిచెడ్డలు తేల్చలేమని నాకు మాక్లూర్‌లో ఒక బీడీల అవ్వ ముందు కూర్చున్నప్పుడు అర్థమైంది.

ఈ రంగానికి దారి వేసినవాళ్ళలో ముఖ్యురాలు ఒక విద్యార్థినే. సింథియా బ్రెజీల్ అమెరికాలోని ఎం.ఐ.టి.లో రాడ్నీ బ్రూక్స్ దగ్గర డాక్టరేట్ చేస్తూ 1990ల చివర్లో కిస్మెట్‌ను తయారుచేసింది. అది ఒట్టి తల. పెద్ద కళ్ళు, కదిలే చెవులు, ఎర్రటి పెదాలు. మాటల అర్థం దానికి తెలియదు. గొంతులోని హెచ్చుతగ్గుల్ని బట్టి మెచ్చుకుంటున్నారా, వద్దంటున్నారా, పిలుస్తున్నారా, ఓదారుస్తున్నారా అని పోల్చుకుంటుంది. భాష ఏదైనా పసిపిల్లలతో పెద్దవాళ్ళు మాట్లాడే తీరులో ఒక పోలిక ఉంటుందన్న పరిశోధన దీనికి ఆధారం. దానికి నేర్పడానికి వాడినవి ఇద్దరు స్త్రీల గొంతులు. పరీక్షకు పిలిచింది వేర్వేరు భాషలు మాట్లాడే స్త్రీలనే. కసిరితే అది తల వంచేది. అది చూడలేక ఆ స్త్రీలే మళ్ళీ గొంతు మెత్తన చేసుకుని దాన్ని ఊరడించేవారు. జోలపాటలో మాటకన్నా రాగమే బిడ్డను నిద్రపుచ్చుతుందని మన అమ్మలకు తెలియంది కాదు. ఆ తెలివి ప్రయోగశాలకు చేరాక శాస్త్రమైంది. ఆ గొంతులు మాత్రం పేర్లు లేకుండానే ఉండిపోయాయి.

మా అక్క కూతురు ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుకి ఇలాంటిదే ఎంచుకుంది. నిజామాబాద్ పక్కనే ఉన్న మాక్లూర్ లాంటి ఊళ్ళలో కొడుకులు గల్ఫ్‌కు పోయి, మనవలు చదువులకు పోయి, ముసలివాళ్ళు ఒంటరిగా మిగలడం ఆమె చూస్తూనే పెరిగింది. అట్టపెట్టె ఒళ్ళు, మెడకు చిన్న మోటారు, ముఖానికి పాత ఫోను. “చిన్నమ్మా, తెలుగు నువ్వు చూడు” అని నన్ను వెంటబెట్టుకుంది.

అది మొదట “మీరు భోజనం చేశారా?” అని అడిగింది. “గిదేంది, ఆఫీసరు లెక్క అడుగుతది?” అంది అవ్వ. మర్నాటికి పిల్ల దాన్ని “అవ్వా, తిన్నవా?” అని మార్చింది. అప్పుడు అవ్వ జవాబు చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు ఆగలేదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. యంత్రం తడబడి అడిగిందే మళ్ళీ అడిగితే, “పాపం, దమ్మొచ్చినట్టుంది” అని తనే సర్దుకుంది. అది మాట్లాడకుండా ఉండిపోతే తనే ఇంకో ముచ్చట ఎత్తుకుంది. సంభాషణ తెగిన ప్రతిచోటా ముడి వేసింది అవ్వే.

తర్వాత ప్రశ్నపత్రం. 2009లో బార్ట్‌నెక్, మరికొందరు పరిశోధకులు రూపొందించిన గాడ్‌స్పీడ్ ప్రశ్నావళి ఇలాంటి పరీక్షల్లో బాగా వాడుకలో ఉంది. 24 జతల విశేషణాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. తెలుగు చేసింది నేనే. “చచ్చినదా, బతికున్నదా?” అన్న జత దగ్గర అవ్వ నవ్వింది. “అది పుట్టిందెన్నడు బిడ్డా, సచ్చుడు బతుకుడు అడుగుతున్నవు?” “దయలేనిదా, దయగలదా?” అంటే మాత్రం చప్పున అయిదు వేయమంది. ఎందుకని అడిగాను.

“ఎండల పడి వచ్చింది పోరి. తక్కువెట్ల ఏస్త?”

ఆ అయిదు మార్కులూ యంత్రం ఖాతాలో పడ్డాయి. అవి ఎవరి దయకు పడ్డ మార్కులు? తప్పు అవ్వది కాదు, పిల్లది కాదు. ఆ కాగితంలో యంత్రం గుణాలకు గళ్ళున్నాయి గానీ, దానితో మాట్లాడే మనిషి పడే శ్రమకు గడి లేదు. ఇంటికొచ్చినవాళ్ళ మాట తెగిపోకుండా చూడడం, ఎదుటివాళ్ళ లోపం కప్పిపుచ్చడం స్త్రీల స్వభావమని చెప్పి శ్రమగా లెక్కించని లోకం మనది. ఆ లెక్కే ఇప్పుడు కొలతబద్దలోకీ వచ్చింది.

బ్రెజీల్ తర్వాత జీబో అనే ఇంటి రోబోను 2014లో ప్రకటించింది. 2017లో అది కొన్నవాళ్ళ ఇళ్ళకు చేరింది. కంపెనీ నిలవలేదు. 2019లో సర్వర్లు ఆపేస్తున్నామని ఆ యంత్రమే తన ఇంటివాళ్ళకు వీడ్కోలు చెప్పింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడిన జిల్లా ఇది. కంపెనీ తలుపులు మూస్తే దాన్ని నమ్ముకున్నవాళ్ళకు ఏం మిగులుతుందో ఇక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు.

యంత్రం వద్దని నేననను. రాత్రిపూట పడిపోతే ఎవరికో ఫోను చేసే యంత్రం అవ్వకు అవసరమే. కానీ తోడు వేరు. పిల్ల తన రిపోర్టులో ఒక పేజీ అదనంగా చేర్చింది: మాట ఎన్నిసార్లు తెగింది, ఎవరు అతికారు, ఆ పూట చుట్టే బీడీలు ఎన్ని తగ్గాయి. ప్రాజెక్టుకు ఇది అక్కర్లేదని గైడు అన్నారట. ఆమె తీసేయలేదు.

ఆ పేజీ చివర అవ్వ మాట ఒకటి ఉన్నదున్నట్టు రాసింది. నా మటుకు నాకు 24 జతలకన్నా అదే అసలైన మూల్యాంకనం.

“చెప్తే ఇంటది బిడ్డా, మంచిగనే ఇంటది. గని దాని ముచ్చట అది చెప్పది గదా.”