చేపలు పట్టే నీళ్లు, చిప్పలు ఏరే ఒడ్డు

సెలవులొస్తే పటాన్‌చెరు, ఇస్నాపూర్, లక్డారం వైపు కుటుంబాలు నీళ్ల కోసం బాపట్ల దగ్గరి సూర్యలంకకో, చీరాల ఓడరేవుకో బయల్దేరతాయి. మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంత దూరం వెళ్లాక పిల్లలకు కావాల్సింది మాత్రం చిన్న ముచ్చటే: ఒడ్డు వెంబడి పడవెక్కడం, వలలో ఏం పడిందో చూడటం, ఇసుకలో గవ్వలు ఏరుకోవడం. నిజానికి ఈ ముచ్చట తీరడానికి సముద్రమే అక్కర్లేదు. గాలం వేయడానికి ఊరి చెరువు చాలు, పుట్టి ఎక్కడానికి మంజీర చాలు. నత్తగుల్లలు, ఆల్చిప్పలు వాగు ఒడ్డునే దొరకాలి. దొరకడం లేదు కాబట్టే ఆ ప్రయాణం. కాలుష్యంతో నలిగిన ప్రాంతంలో నీళ్లు బాగుపడ్డాయని చెప్పాలంటే ప్రయోగశాల కాగితం ఒక్కటే సరిపోదు. ఇంటిల్లిపాదీ అక్కడ గాలం వేసి, ఒడ్డున చిప్పలు ఏరి, పట్టిన చేపను ఇంట్లో పులుసు పెట్టుకోగలిగిన రోజునే ఆ నీరు బాగుపడినట్టు లెక్క. ఇది సరదా మాటగా కనిపించవచ్చు. ఈ ఊళ్ల నీళ్లు మోసే నక్కవాగు పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా దాని వెంట నడిస్తే ఇది ఎంత గట్టి కొలతో తెలుస్తుంది.

లక్డారం పటాన్‌చెరు మండలంలోని ఊరు. ఒక పక్క రాతి క్వారీలు, క్రషర్లు. ఇంకో పక్క ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం ఫ్యాక్టరీలు. ఈ చుట్టుపక్కల పడే వాన గొలుసుకట్టు చెరువులు నింపి, మత్తడి దూకి, చివరికి నక్కవాగులో కలుస్తుంది. ఒక చెరువు మత్తడి నీళ్లే కింది చెరువుకు వరద. కాబట్టి పై కుంటలో ఎవరేం పోసినా కింది ఊరికి వాటా తప్పదు. 1970లలో మొదలై తర్వాతి దశాబ్దంలో జోరందుకున్న పరిశ్రమలు ఈ గొలుసునే మురుగు కాలువగా వాడుకున్నాయి. 1990లో ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం 2001లో హైకోర్టుకు, 2013లో హరిత ట్రైబ్యునల్‌కు బదిలీ అయ్యి, 2017లో గానీ తీర్పుకు రాలేదు. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఆ ఇరవై ఏడేళ్లలో ఎక్కువ భాగం ఈ పోరాటానికే ధారపోశారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతానికి 70.07 పాయింట్లు వేసి, దేశంలో అత్యంత కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల వరుసలో పెట్టింది. అంతకు రెండేళ్ల ముందే, 2007లో, స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు ప్రకటించింది. ఆ మందు మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మోతాదు ఉండదు. పైగా అది శుద్ధి చేసి వదిలిన నీరు.

ఇంత లెక్క ప్రయోగశాలే చెప్పింది కదా, చేపలూ చిప్పలూ కొత్తగా చెప్పేదేముంది అని అడగవచ్చు. చెప్పేది చాలానే ఉంది. సీసాలో పట్టిన నమూనా ఆ గంట నీటి సంగతే చెబుతుంది. రాత్రి పూట ట్యాంకరు ఒంపి వెళ్లిన నీరు పగటి సీసాలోకి రాదు. చచ్చి తేలిన చేప ఆ వారం సంగతి చెబుతుంది. ఆల్చిప్ప ఏళ్ల తరబడి సంగతి చెబుతుంది. మన చెరువుల్లో ఉండే మంచినీటి ఆల్చిప్ప అరచేతిలో పట్టేంత ఉంటుంది. పైన పచ్చ కలిసిన నలుపు, లోపల ముత్యపు మెరుపు. పైపెంకు మీద ఒకదాని చుట్టూ ఒకటి గీతలుంటాయి, అవి అది పెరిగిన ఆనవాళ్లు. బురదలో సగం కూరుకుని, నాలుకలాంటి పాదంతో సన్నటి చాలు గీసుకుంటూ జరుగుతుంది. నీటిని లోపలికి పీల్చి, అందులోని నాచును ఆహారంగా వడగట్టుకుని, మిగిలింది బయటికి వదులుతుంది. విషం వస్తే ఈదుకుంటూ పోవడానికి దానికి రెక్కల్లేవు. అంతకంటే ముఖ్యమైన విషయం దాని పిల్లల తీరు. ఈ జాతి పిల్లలు పుట్టగానే చేప మొప్పలకు అతుక్కుని కొన్నాళ్లు పెరిగి, ఆ తర్వాతే బురదలోకి రాలతాయి. అంటే చెరువు ఒడ్డున వేలి గోరంత చిన్న ఆల్చిప్ప బతికి కనిపించిందంటే, కొంతకాలంగా అక్కడ నీరూ బాగుంది, చేపా బాగుంది, రెండూ కలిసి బతికాయి అని అర్థం. మామిడికాయ చెక్కు తీయడానికి మన పెద్దలు ఆల్చిప్పను రాతి మీద అరగదీసి చిల్లు పెట్టుకునేవారు. ఆ పనిముట్టు ఊరి చెరువే ఇచ్చింది.

చెరువుల్లో చేపలు ఇప్పటికీ పడుతున్నాయి కదా, మార్కెట్లో అమ్ముతున్నారు కదా అన్నది బలమైన అభ్యంతరమే. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. బొచ్చె, రవ్వ, బంగారు తీగ కొన్ని నెలల్లో ఎదిగి వలకొస్తాయి. ముదిరాజ్, గంగపుత్ర సంఘాలకు అది బతుకుదెరువు. అయితే లారీలో తెచ్చి వదిలిన పిల్ల కొన్ని నెలలు బతికిందంటే నీరు దాన్ని చంపలేదని మాత్రమే తేలింది. ఆ నీటిలో అది పుట్టగలదని తేలలేదు, దాని మాంసం బిడ్డకు పెట్టదగిందనీ తేలలేదు. కొన్నిచోట్ల ఆ మాత్రం బతుకు కూడా నిలవలేదు. 2017లో అమీన్‌పూర్ దగ్గర గండిగూడెం చెరువులో చేపలు పెద్దయెత్తున చనిపోయి, మత్స్యకారులు రోడ్డెక్కారు. తొలకరి వరదతో పాటే ఫ్యాక్టరీల నీళ్లు వదులుతారన్నది ఈ ఊళ్లన్నిటి ఫిర్యాదు. మృగశిర కార్తె నాడు చేప తినాలన్న ఆచారం ఉన్న నేలలో, సరిగ్గా ఆ వానలకే చేప చావడం ఎంత అన్యాయం! మరి ఇక్కడి నీళ్లు బాగుపడనే పడవా అంటే, అదే అమీన్‌పూర్ పెద్ద చెరువు పక్షులతో కళకళలాడినందుకే 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. కొద్ది దూరంలో రెండు చెరువులు, రెండు గతులు. తేడా వాటిలోకి వచ్చే వరదలో ఉంది.

చిప్పలు లేకపోవడానికి విషమొక్కటే కారణం కాదన్న మాట ఒప్పుకోవాలి. చెరువు ఎండితే అవి చస్తాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు మట్టితో పాటు లారీలకెక్కి పొలాలకు పోయి ఉంటాయి. అందుకే చిప్పల లెక్క నీటి పరీక్షకు తోడు కావాలి. చిప్ప లేని చోట ఎందుకు లేదని అడగాలి, ఆ జవాబు కోసం సీసా పట్టాలి. ఇప్పుడు ఆ ప్రశ్నే పుట్టడం లేదు.

నక్కవాగు కథలో అసలు మలుపు ఒక పైపు దగ్గర ఉంది. ఒత్తిడి పెరిగాక, పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి కేంద్రం దాకా సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. నక్కవాగుకు కొంత ఊపిరి ఆడింది, నిజమే. కానీ అంబర్‌పేట నీళ్లు కలిసేది మూసీలో. మూసీ నల్లగొండ జిల్లా గుండా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మంజీర ద్వారా గోదావరికి వెళ్లాల్సిన నీటిని పైపు పట్టి కృష్ణ వైపు తిప్పారన్నమాట. సూర్యలంకకు వెళ్లే కుటుంబం దాదాపు ఆ నీటి దారి వెంటే కృష్ణా డెల్టా వైపు పోతోంది. ఇంత దూరంలో, ఇన్ని నీళ్లలో కలిశాక ఆ మందు జాడ సముద్రం దాకా ఉంటుందని వాదించడం లేదు. పైపు చివర ఉన్నవాళ్లకు కూడా పిల్లలున్నారన్నదే ఇక్కడి మాట. పైపు వల్ల పటాన్‌చెరు సమస్య తీరిందన్న మాట కూడా నిలవదు. 2009లో వచ్చిన మరో పరిశోధన, ఆ శుద్ధి కేంద్రం నీరు చేరని చెరువుల్లో కూడా లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా అదే మందును కనిపెట్టింది. పైపులోకి వెళ్లే నీటికే పైపు దారి చూపిస్తుంది. దొంగచాటుగా ఒంపే నీటికి ఏ పైపూ అడ్డుపడదు.

పైపులోకి వెళ్లని నీరు పాత దారినే పోతుంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు పారి మంజీరలో కలుస్తుంది. కలిసే చోటు హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చే మంజీర బ్యారేజీకి దిగువన ఉంది. నగరం నీళ్లు తోడుకునే చోటు పైన, పల్లెల వాటా కింద. ఆ కిందనే 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట ఉంది, మంజీర పాయలుగా చీలే ఏడుపాయల ఉంది. శివరాత్రి జాతరకు వనదుర్గమ్మ దగ్గర లక్షల మంది ఈ నీళ్లలో మునుగుతారు. నీటిని పిల్లలు తాకాలన్నది ఎవరో కోరే కొత్త విలాసం అనుకునేవాళ్లు ఏడుపాయల ఒడ్డున ఒక్క పూట నిలబడితే చాలు. ఇంతకీ ఈ కొలత మన చట్టాలకు పరాయిదేమీ కాదు. కేంద్ర మండలి నీటిని ఐదు తరగతులు చేసింది. స్నానానికి పనికొచ్చేది ‘బి’ తరగతి: కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు, బీవోడీ (సేంద్రియ మురుగు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్) 3కి మించకూడదు. చేపలకూ వన్యప్రాణులకూ పనికొచ్చేది ‘డి’ తరగతి: ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు, అమ్మోనియా 1.2కు లోపు. ఈ రెండు తరగతులూ ఒకే చెరువులో కలిసిన చోటే కుటుంబం గాలం వేయగలదు. అమెరికా 1972 నాటి జలచట్టంలో ఇదే లక్ష్యాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసుకుంది: 1983 కల్లా దేశంలోని నీళ్లు చేపలు, గుల్లచేపలు పెరగడానికీ, జనం దిగి ఆడుకోవడానికీ వీలుగా ఉండాలని. గడువుకు అన్ని చోట్లా సాధించలేదు. కానీ సాధించారో లేదో ప్రతి ఊరూ తన ఏటి ఒడ్డున నిలబడి తేల్చుకోగలిగింది. మన తరగతుల్లో యాంటీబయాటిక్ ఊసే లేదు. మందుల ఫ్యాక్టరీల నీటిలో వాటికి పరిమితులు పెడుతూ 2020 జనవరిలో ముసాయిదా వచ్చింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలొచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. నక్కవాగు ఒడ్డు ప్రజలకు ఇది చాలా పెద్ద నష్టం.

ఫ్యాక్టరీలు వేలమందికి అన్నం పెడుతున్నాయి, గాలాల కోసం వాటిని మూసేయాలా అనేవాళ్లకు జవాబు సూటిగానే ఉంది. ఎవరూ మూయమనడం లేదు. తన మురుగును తన ప్రహరీలోనే ఆవిరి చేసుకుని, నీటిని తిరిగి వాడుకునే పద్ధతి ఉంది, కొన్ని కంపెనీలు పెట్టుకున్నాయి కూడా. దానికయ్యే ఖర్చు కంపెనీ భరించకపోతే మత్స్యకారుడు భరిస్తాడు. అతనికి జీతం స్లిప్పు ఉండదు కాబట్టి ఆ నష్టం ఏ లెక్కలోనూ కనిపించదు. ఇంతకంటే ఆలోచించాల్సిన అభ్యంతరం మత్స్యకారుల నుంచే వస్తుంది: చెరువులో చేప మా సంఘానిది, ఊరందరూ గాలాలు పట్టుకొస్తే మా గతేమిటి? న్యాయమైన మాట. అందుకే ఈ పని సంఘాల చేతుల్లోనే ఉండాలి. పుట్టి వాళ్లదే, టికెట్టు వాళ్లదే, ఎన్ని చేపలు పట్టవచ్చో చెప్పేదీ వాళ్లే. కొర్రమట్ట ఏ గడ్డి కింద దాక్కుంటుందో, జెల్ల ఏ ఎరకు వస్తుందో పిల్లలకు చూపించగలిగినవాళ్లు వాళ్లు తప్ప ఎవరున్నారు? ప్రభుత్వం ఏటా చేపపిల్లలను వదిలే రోజున, అదే రేవులో సంఘం వాళ్లూ బడి పిల్లలూ చిప్పలు లెక్కపెట్టి పంచాయతీ గోడ మీద రాయవచ్చు. ఈలోగా చెడ్డ నీళ్లకు పిల్లల్ని తీసుకెళ్లమని కాదు. తీసుకెళ్లదగ్గ చెరువేదో, తగనిదేదో పైకి చెప్పాల్సిన బాధ్యత అధికారులది.

మంజీర ఏడుపాయల నుంచి సాగి నిజాంసాగర్‌లో నిండి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలై, ఉత్తరపు కొసన కోరింగ మడ అడవుల్లోకి చేరుతుంది. ఇక్కడ కుటుంబాల పడవ ప్రయాణం నిజంగానే ఉంది. ఆటు తీసినప్పుడు మడచెట్ల వేళ్ల మధ్య బురద మీద నత్తలు పాకుతుంటాయి. అవతల హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ కాకినాడ తీరానికి అడ్డుగోడలా ఉంటుంది. కాకినాడ అఖాతంలో బుడిత గుల్లలు, అద్దంలా పల్చగా ఉండే చిప్పలు సున్నం కోసం ఏరేవారు. గుల్ల నీటి చరిత్ర చెబుతుందన్న మాట సముద్రం దగ్గర ఎప్పుడో రుజువైంది. అమెరికా తీరంలో 1970ల నుంచీ శాస్త్రవేత్తలు ఆల్చిప్పల మాంసాన్ని పరీక్షించే కాలుష్యాన్ని కొలుస్తున్నారు. నీటి విహారం ప్రమాదమని భయపెట్టేవాళ్లు 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవను చూపిస్తారు. ఆ దుఃఖం చిన్నది కాదు. కానీ వరద ఉద్ధృతిలో పడవ కదలకుండా ఆపవచ్చు, లైఫ్ జాకెట్ వేయించవచ్చు, ఎక్కేవాళ్లను లెక్కపెట్టవచ్చు. ఆ ప్రమాదం కంటికి కనిపిస్తుంది. నీటిలో కరిగిన మందు కనిపించదు, దానికి జాకెట్టు లేదు.

తీరంలో ఏరేవాళ్లకు ఒక నియమం ఉంది, పడవవాళ్లు బయల్దేరే ముందే చెప్పాలి. 2001లో కేంద్రం వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఇచ్చిన గుల్లల్లో ఆ అద్దపు చిప్ప కూడా ఉంది. చట్టంలో లేని జాతైనా, ప్రాణమున్నది ముట్టకూడదు. ఖాళీ శంఖంలో సన్యాసి పీత కాపురముంటుంది కాబట్టి తిప్పి చూడకుండా సంచిలో వేయకూడదు. మంజీర కింది చెరువుల్లో పిల్లలు ఏరే రోజుకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది: రెండు చిప్పలూ విడిపోయి తేలిగ్గా ఉన్నది ఇంటికి తెచ్చుకోవచ్చు, గట్టిగా మూసుకుని బరువుగా తగిలింది పలక మీద లెక్క రాసుకుని, తీసిన చోటే బురదలో పెట్టి రావాలి.