పొట్ట కోస్తే

బొత్తిగా చదువురానివాణ్ణి గురించి మనవాళ్ళు "పొట్ట కోస్తే అక్షరం ముక్క లేదు" అంటారు. ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను గాని, ఈ మాట ఒకనాడు నా పొట్టకే పరీక్ష పెడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

2023 వేసవి నాటికి నా బరువు 118 కిలోలు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. క్లాసులో భీముడి ప్రసక్తి వస్తే చాలు, వెనక బెంచీల్లో కిసకిసలు. వాళ్ళకంటె ముందు నేనే నవ్వేసేవాణ్ణి. లావుపాటి మనిషి నేర్చుకోక తప్పని విద్య అది.

ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి చూద్దును గదా, మా ఆవిడ మంచంమీద లేచి కూర్చొని ఉంది. ఏమిటంటే, "మీ గురక ఆగిపోయినప్పుడల్లా అంకెలు లెక్కపెడుతున్నానండీ. ఇందాక ఇరవై అయిదు దాకా వచ్చింది" అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే భయం వేసింది.

అప్పటికే ఆరేళ్ళుగా చక్కెర జబ్బు. కొర్రన్నం తిన్నాను, ఉపవాసాలు చేశాను, చెరువుగట్టు మీద నడిచాను. పది కిలోలు తగ్గడం, పన్నెండు పెరగడం. చివరికి హైదరాబాదులో ఒక డాక్టరుగారి ఎదుట కూర్చున్నాను. ఎత్తుకూ బరువుకూ లెక్క కట్టి, నా అంకె 43 దాటిందన్నారు. 35 దాటితే వేరే జబ్బేమీ లేకపోయినా ఆపరేషను చెయ్యవచ్చునని 2022లో ఈ ఆపరేషన్లు చేసే వైద్యుల అమెరికా సంఘమూ, అంతర్జాతీయ సంఘమూ కలిసి చెప్పాయట.

1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే డాక్టరు మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేసిననాడు పొట్టను నిలువునా కోయవలసి వచ్చింది. ఇప్పుడు నాలుగైదు చిల్లులు చాలు. బొగ్గుపులుసు వాయువుతో పొట్టను బుడగలా ఉబ్బించి, ఒక చిల్లులోంచి కెమెరా, తక్కినవాటిలోంచి పనిముట్లు పంపిస్తారు. ఇంతేగదా అని నేను ధీమాగా తల ఊపుతుంటే, డాక్టరుగారు కాగితంమీద జీర్ణాశయం సంచి బొమ్మ వేసి, పొడుగునా ఒక గీత గీశారు. మిగిలేది అరటికాయంత గొట్టం. నూటికి ఎనభై పాళ్ళు కోసి, ఆ చిల్లులోంచే బయటికి లాగేస్తారు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే రసం ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనేనట.

"చిల్లు చిన్నదే మాస్టారూ. లోపల తీసింది మాత్రం మళ్ళీ పెట్టలేం" అన్నారాయన. కుట్లదగ్గర కారే ప్రమాదం, జన్మంతా మింగవలసిన విటమిన్లు, కొందరికి కొన్నేళ్ళలో బరువు తిరిగి రావడం, ఏదీ దాచలేదు.

మా అమ్మకు చెప్పడమే కష్టమయింది. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నా చేత్తో పెట్టి పెంచిన కడుపురా. అంత తప్పు పెట్టానా?" అన్నది. పొట్టకూ కడుపుకూ ఉన్న తేడా ఏటేటా పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆవిడకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

కాలేయం కాస్త కుదించుకోవడానికి రెండు వారాలు ద్రవాహారం మీద ఉంచి ఆపరేషను చేశారు. రక్తం గడ్డలు కట్టకుండా ఆ సాయంత్రమే నర్సు వరండాలో నడిపించింది. కోసింది పొట్ట అయితే నొప్పి భుజానికి రావడం ఒక వింత. లోపల మిగిలిన గాలి చేసే అల్లరట అది. మర్నాడు డాక్టరుగారు వస్తే ఉండబట్టలేక, "అక్షరం ముక్క ఏమైనా కనిపించిందా అండీ?" అని అడిగాను. ఆయన ఇంగ్లీషు చదువుల మనిషి కాబోలు, నిదానంగా కాగితాలు తిరగేసి, "లేదండీ, అంతా నార్మల్‌గానే ఉంది" అన్నారు.

ఇంటికి వచ్చాక పావుగంటకొకసారి రెండేసి చెంచాల చొప్పున నీళ్ళో, పప్పుకట్టో గుక్క గుక్కగా తాగాలి. దానికి సరిపడే గ్లాసు మా ఇంట్లో ఎక్కడిది? మూడోనాడు అమ్మ అటకమీది ట్రంకుపెట్టె దింపించి, అడుగున వెతికి వెతికి, చింతపండుతో తోమి ఒకటి తెచ్చింది. నా ఉగ్గుగిన్నె. వెండి నల్లబడి, మూతి దగ్గర చిన్న సొట్ట. అందులో పప్పుకట్టు పోసి, నా చేతికివ్వకుండా తనే నోటికందించింది. నలభై ఆరేళ్ళవాణ్ణి, పక్కన పదేళ్ళ కొడుకు చూస్తున్నాడు. అయినా వద్దనలేదు.

ఇప్పుడు 84 కిలోలున్నాను. చక్కెర మాత్రలు నాలుగు కాస్తా ఒకటయినాయి. పెళ్ళిళ్ళలో "ఏం, ఒంట్లో బాగుండటం లేదా?" అని పరామర్శించేవారికి జవాబు చెప్పలేక చస్తున్నాను. అమ్మ గరిట పట్టుకొని "ఇంకొంచెం" అనబోయి, సగంలో ఆపి, దాన్ని మనమడి కంచంలో వంపుతుంది. వాడి పొట్టమీద ఈమధ్య నేనొక కన్ను వేసి ఉంచాను.

మా ఆవిడ లెక్కలు మానేసి నాకంటె ముందే నిద్రపోతున్నది. ఆవిడకూ గురక ఉన్నదని పద్దెనిమిదేళ్ళ కాపురం తరవాత మొన్ననే తెలిసింది. ఆ మాట ఇంకా చెప్పలేదు.