మా గది షేవింగ్ సబ్బు

హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక గుర్తు మిగిలి ఉంటుంది. మా గది నలుగురికీ మిగిలింది ఒక షేవింగ్ సబ్బు.

అది 2004వ సంవత్సరం. మేము బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో ఉన్నాం. గడ్డాలు వస్తున్నాయి, చేతిలోకి డబ్బులు మాత్రం రావడం లేదు. నలుగురం కలిసి కొన్న క్రీము ట్యూబు పదో తారీఖుకే అయిపోయేది. ఆ తర్వాత బట్టల సబ్బే గతి. "కెమిస్ట్రీ చదువుతున్నాం కదా, మనమే చేద్దాం" అనుకున్నాం. నూనె, క్షారం కలిస్తే సబ్బు, గ్లిజరిన్ వస్తాయని పరీక్షలో రాశాం గానీ ఎప్పుడూ చేసి చూసింది లేదు.

మొదటిసారి మెస్‌లో పాత సత్తు గిన్నె అడిగి తెచ్చాం. కాస్టిక్ సోడా నీళ్లు పోయగానే బుసబుసా పొంగి గిన్నె నల్లబడింది. క్షారం అల్యూమినియాన్ని తినేస్తుందని అప్పుడు గుర్తొచ్చింది! వంట మాస్టరు చేత చీవాట్లు తిన్నాం.

రెండోసారి స్టీలు గిన్నె, కొబ్బరి నూనె. తూకం లేదు, అంతా గ్లాసుల లెక్క. సబ్బు తెల్లగా, గట్టిగా వచ్చింది. మా సంబరం చూసి పక్క గది సీనియర్ అన్న, "నాకివ్వండిరా, రేపు ఇంటర్వ్యూ ఉంది" అని తీసుకున్నాడు. కాసేపటికే చెంపలు కందిపోయి, గడ్డం కింద పొక్కులు లేచాయి. బకెట్ల కొద్దీ నీళ్లతో కడిగాం. మర్నాడు ఆ మొహంతోనే బస్సెక్కాడు. ఉద్యోగం రాలేదు. "మీ సబ్బు వల్ల కాదులేరా" అన్నాడు గానీ, మేము చాలా రోజులు ఆయనకు ఎదురుపడలేకపోయాం.

కెమిస్ట్రీ మాస్టారికి జరిగింది చెప్పుకున్నాం. ఆయన తిట్టలేదు. "సోడా ఎంత వేశారు?" అని మాత్రం అడిగారు. మా దగ్గర జవాబు లేదు. 100 గ్రాముల కొబ్బరి నూనెకు సుమారు 18 గ్రాములు సరిపోతుందట. ఎక్కువైన సోడా సబ్బులోనే మిగిలి చర్మాన్ని కాలుస్తుంది. పైగా కొబ్బరి సబ్బు నురగ త్వరగా వచ్చి త్వరగా ఆరిపోతుంది. గడ్డం మీద నిలవాలంటే స్టియరిక్ ఆమ్లం, సోడాకు బదులు కాస్టిక్ పొటాష్ వాడాలన్నారు.

కొవ్వొత్తిలో స్టియరిక్ ఆమ్లం ఉంటుందని విని మూడోసారి కొవ్వొత్తులు కరిగించాం. మైనం మైనంలాగే పైకి తేలింది. బజారు కొవ్వొత్తి పారఫిన్, అది సబ్బుగా మారదు.

నాలుగోసారి ల్యాబ్ త్రాసులో తూచాం. స్టియరిక్ ఆమ్లం 50 గ్రాములు, కొబ్బరి నూనె 50 గ్రాములు, పొటాష్ 21 గ్రాములు. పొటాష్‌నే కొద్దికొద్దిగా నీళ్లలో వేశాం. పొటాష్ మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది. మరిగే నీళ్ల మీద గిన్నె పెట్టి ముద్దయ్యేదాకా కలిపాం. చిన్న ముక్కను స్పిరిట్‌లో కరిగించి ఫినాఫ్తలీన్ చుక్క వేశాం. గులాబీ రంగు రాలేదు. క్షారం మిగలలేదన్నమాట! అయినా ముందు మా చేతులకు, తర్వాత మా చెంపలకే రాసుకున్నాం. బ్రష్ తిప్పగానే మీగడలాంటి నురగ.

ఆ అన్నకు ఇవ్వడానికి మాకు నోరు రాలేదు. ఆయనే వచ్చి, "ఈసారి తూచారా?" అని అడిగి చెంప చూపించాడు. అంత నమ్మకం మాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

తమ్ముళ్లూ! ప్రయోగాలు చేయండి, తప్పులూ చేయండి. కానీ తూచి చేయండి. ముందు మీ మీదే చూసుకోండి. ఇంకో మాట: సబ్బు పంచుకోండి, బ్లేడు మాత్రం ఎవరిది వారే వాడుకోండి.