ఒకే ముఖం... ఐదుగురు నాన్నలు

'ఇన్సెప్షన్' చూశారా? అందులో మంచంమీద కొన ఊపిరితో ఉండే కోటీశ్వరుడైన తండ్రి గుర్తున్నాడా? ఉన్నది కాసేపే. కానీ ఆ కొడుకు మనసులో గూడుకట్టుకున్న బాధంతా ఆ ముఖం చుట్టూనే తిరుగుతుంది. ఆ నటుడి పేరు పీట్ పోసిల్‌థ్వెయిట్.

నోరు తిరగలేదు కదూ! ఇంగ్లిషువాళ్లకీ అంతే. ఇంత పొడుగు పేరు దీపాల్లో వేయాలంటే కరెంటు బిల్లు కట్టలేమంటూ, మార్చుకోమని సలహా ఇచ్చారట తోటివాళ్లు. ఆయన మార్చుకోలేదు. ముఖమూ హీరోకి సరిపోయేది కాదు... పొడుచుకొచ్చిన దవడలు, లోపలికి పోయిన బుగ్గలు.

1946లో ఉత్తర ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో ఓ కార్మిక కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు చర్చిలో ఫాదర్ కావాలనుకున్నారు. అది జరగలేదుగానీ, టీచరుగా పనిచేసి, నాటకాల్లోకి వెళ్లి, చివరికి తెరమీద 'ఫాదర్' అయ్యారు!

1988లో వచ్చిన 'డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్'లో భార్యాబిడ్డల్ని చావబాదే తండ్రి. ఐదేళ్ల తర్వాత 'ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్'లో దానికి పూర్తిగా వ్యతిరేకం. బాంబు పేలుళ్ల కేసులో ఇరుక్కున్న కొడుకు కోసం బెల్‌ఫాస్ట్ నుంచి లండన్ వెళ్లి, తానూ జైలుపాలైన జుసెప్పె కాన్లన్ పాత్ర. ఇది నిజంగా జరిగిన కథ. ఆ పెద్దాయన 1980లో ఖైదీగానే కన్నుమూశారు. ఆయనకు వేసిన శిక్షను కోర్టు కొట్టేసింది 1991లో!

ఆ సినిమాలో కొడుకు తండ్రిని నానా మాటలంటాడు. తండ్రిది మాత్రం మెత్తటి గొంతు. మా నాన్నా అంతే. నేను జర్నలిజం డిప్లొమాలో చేరతానన్న రోజు ఇంట్లో అందరూ అరిచారు. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఫీజు డబ్బులు టీవీమీద పెట్టి డ్యూటీకి వెళ్లిపోయారు. ఆ మౌనం కోపమో ప్రేమో నేనెప్పుడూ అడగలేదు. తెరమీద జుసెప్పెని చూశాక ఇక అడగక్కర్లేదనిపించింది.

ఆ పాత్ర ఆయన్ని ఆస్కార్ నామినేషన్ దాకా తీసుకెళ్లింది. 1996లో 'బ్రాస్డ్ ఆఫ్'లో మరో నాన్న... బొగ్గు ధూళితో ఊపిరితిత్తులు పాడైనా గని కార్మికుల బ్యాండుని వదలని పెద్దమనిషి. తర్వాత రెండు సినిమాల్లో నటింపజేసిన స్పీల్‌బర్గ్, ప్రపంచంలోనే గొప్ప నటుడని ఆయన్ని మెచ్చుకున్నారు. 'ఆయన అలా అని ఉండరు. నేనే గొప్ప నటుణ్నని నేను అనుకుంటుంటానని అని ఉంటారు' అంటూ నవ్వేశారు పీట్.

2008లో లివర్‌పూల్‌లోని ఎవ్రీమన్ థియేటర్‌కి తిరిగి వెళ్లారు. కుర్రాడిగా నటన మొదలుపెట్టిన రోజుల్లో పనిచేసిన చోటది. అక్కడ వేసిందీ తండ్రి పాత్రే... కూతుళ్ల ప్రేమని కొలవబోయి సర్వం పోగొట్టుకునే కింగ్ లియర్. 2011 జనవరి 2న, 64 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో పోయారు.

ఇళ్లలో నాన్నలూ క్యారెక్టర్ ఆర్టిస్టులే. కథ పిల్లలది. పోస్టరుమీద వాళ్ల బొమ్మ ఉండదు. కానీ ఆ పాత్ర తీసేసి చూడండి... కథే నిలబడదు.