మాసి నెలలో తోటపని

వసంతమనగానే మన వాచకములలో మామిడి చిగురును, కోయిల పాటయు ముందు నిలుచును. మా పుదూరు ప్రాంతమున వసంతము వచ్చినట్లు బావి నీటిని బట్టి తెలియును. ఫిబ్రవరి నడుమ మాసి నెల పుట్టగానే తోటగలవారు బావి గట్టున నిలిచి, నీటిపైన ఎన్ని మెట్లు బయటపడినవో లెక్కింతురు. ఈ యేట ఎన్ని మడులు కట్టవలెను, ఏ కూర విత్తవలెను అను నిర్ణయము ఆ లెక్కమీదనే ఆధారపడును. మామిడి చిగురు సంగతి ఎవరును తలపెట్టరు; ఈ నల్లరేగడిలో మామిడిచెట్లే అరుదు.

కోవిల్పట్టి, విరుదునగరముల పరిసరములలో వ్యాపించిన ఈ నేలను తమిళమున కరిసల్ అందురు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనము మాకు గాలిని తెచ్చును గాని వానను తేదు. ఐప్పసి, కార్తిగై నెలలలో కురియు ఈశాన్యపు వానలే ఆధారము. కావున చేలలో విత్తుట పురట్టాసిలో జరుగును. ప్రత్తియు, మిరపయు అప్పటివే. కె 1, కె 2 అను మిరప రకముల పేర్లలోని తొలి అక్షరము మన కోవిల్పట్టిదే. 1901లో స్థాపితమైన అచ్చటి వ్యవసాయ పరిశోధన కేంద్రమునుండి అవి వెలువడినవి. చేనిలోని మిరప కోతకు వచ్చునది సరిగా మాసి, పంగుని నెలలలోనే. ఇంటిలో సత్తువగల చేతులన్నియు ఆ కోతకు పోవును. తోటపని అవ్వలకును, బడి విడిచి వచ్చిన పిల్లలకును దక్కును.

మేము చెప్పదలచినది ఈ అవ్వల తోటను, పిల్లల తోటను గూర్చియే.

అట్టి తోట నొకదానిని ఎరుగుదుము. 30 సెంట్లకు మించదు. వంగ నారు తై నెలలోనే పోసియుందురు. నారుకు 30, 35 దినములు నిండగానే పీకి, సాయంకాలము చల్లబడిన పిమ్మట నాటుదురు. ఎండలో నాటిన నారు తల వాల్చును. బెండ గింజలను ముందునాటి రాత్రి నీట నానవేయుదురు. సొర, గుమ్మడి గింజలు గోడమీది పిడకలలో నుండును. గింజలను ఆవుపేడలో అద్ది గోడకు కొట్టి ఎండనిచ్చుట పాత అలవాటు. విత్తుకాలమున పిడకను విరిచి తీయుదురు, పురుగు ముట్టదు. వంగ గింజకు బూడిద కాపు. చిన్న ఉల్లిని బోదెకు ఇరుప్రక్కల గ్రుచ్చుదురు. గోరుచిక్కుడు నీటి కొరతను ఓర్చును గనుక బావికి దూరపు మడి దానిది. బెండ 45, 50 దినములలో కాయ నిచ్చును. ఐనను ఎండ ముదిరినకొలది తెల్లదోమ పెరిగి, ఆకుల ఈనెలు పసుపుబారు తెగులు సోకును. అందుచేత అవ్వ బెండ విషయమున ఆలస్యమును సహింపదు. “మాసిలో ఒగ దినం తప్పితే చిత్తిరలో పది దినాలు ఏడ్వాల నాయనా” అని మనుమని తొందరపెట్టును. వాడు కాలువ వెంట పరుగెత్తి, ఒక మడవ కట్టి మరియొక మడవ తెరచును.

గడచిన యేడు మేము తరగతిలో ఏరువాకను గూర్చి వ్యాసము వ్రాయుమంటిమి. జ్యేష్ఠ పూర్ణిమ యనియు, తొలకరి జల్లులనియు పిల్లలు చక్కగా వ్రాసిరి. అన్నియు వాచకములోని మాటలే. ఈ యూరిలో జ్యేష్ఠమున తొలకరి యెక్కడిది? దుమ్ము రేపు పడమటి గాలియే గదా. ఒక్క బాలిక మాత్రము, “మాకు ఏరు కట్టేది చిత్తిరలో. పొన్నేరు అంటాము. ఇప్పుడు ఎద్దులు లేవు, ట్రాక్టరుకే పసుపు పూసి దండ వేస్తాము” అని వ్రాసెను. అక్షరదోషములు రెండు మూడు కలవు. ఎక్కువ మార్కులు ఆమెకే యిచ్చితిమి. నాగలిని చెప్పు ‘ఏరు’ అను మాట తెలుగు ఏరువాకలోను, తమిళ పొన్నేరులోను ఒక్కటే.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రదేశమున. అచ్చటి రైతులు విత్తుటకు కార్తెను చూతురు. చాంద్రమాసము ఏటేట జరుగును. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న వచ్చినది. కార్తెలు సూర్యుని నడకను బట్టి యేర్పడినవి. 13, 14 దినముల కొకటి చొప్పున ఏడాదికి 27. తమిళమాసములును సూర్యుని బట్టినవే. అశ్విని కార్తె ప్రవేశమును, చిత్తిర పుట్టుటయు ఒక్కసారియే. మాసి, పంగుని యని పలుకు మన అవ్వలు తెలుగు మరచిరని పట్టణపు బంధువులు నవ్వుచుందురు. ఆ నవ్వు తగదు. ఆంధ్రరైతు చూచు సూర్యునే వారును చూచుచున్నారు.

అయితే తోటలు తగ్గుచున్నవి. ఎద్దులతో తోలుబానను లాగించి నీరు తోడు కపిలెను నేటి పిల్లలు చూడలేదు. రాయలసీమలో కపిలె, తమిళమున కవలై. రెండును వారికి క్రొత్తమాటలే. ఆయిల్ ఇంజనును, పిమ్మట విద్యుత్తు మోటారును వచ్చినవి. నీరు వేగముగ పైకి వచ్చినది, వేగముగ అడుగంటినది. బావి ఎండిన తోటను సర్కారుతుమ్మ కప్పివేయును. తోట విడిచినవారు కోవిల్పట్టికో, సాత్తూరుకో, శివకాశికో అగ్గిపెట్టెల పనికి పోవుదురు. అచ్చట దినమంతయు తమిళమే. తమిళము మన బిడ్డలకు రావలసినదే, సందేహము లేదు. కాని 2006 నాటి చట్టముచే అది ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధ పాఠ్యము కాగా, తెలుగు ఐచ్ఛిక స్థానమునకు జరిగినది. ఇంటిలోనో, రాత్రి భోజనమువేళ నాలుగు మాటలు. మనుమడు అవ్వతో రెండు గంటలు ఎడతెగక తెలుగు మాటలాడు చోటు తోటయే.

ఇడైసేవల్ గ్రామమున తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువారు అడవి నరికి ఈ నేలను సేద్యమునకు తెచ్చిన కథను 1976 నాటి ‘గోపల్ల గ్రామము’ నవలలో చెప్పెను. కరిసల్ సీమ తమిళ పలుకుబడికి నిఘంటువును కూడ కూర్చెను. తెలుగు మాటలను కూర్చుటకు అంతటి పెద్దలే కావలెనా? ఈ మాసిలో ఎనిమిదవ తరగతివారు అవ్వల నడిగి మడవ, బోదె, నారుమడి మొదలైన మాటలను ఒక నోటుపుస్తకమున ఎక్కించిరి. తక్కాళి యని వ్రాసి ప్రక్కన టమాటా యని వ్రాసినవారును కలరు. రెండును ఉండనిచ్చితిమి.

మేము చెప్పిన 30 సెంట్ల తోటలో ఈ యేట నాలుగు మడులే విత్తిరి. తండ్రి అంగడిలో హైబ్రిడ్ విత్తనపు పొట్లములు కొందమనెను. కాపు ఎక్కువ యనుట నిజమే; కాని ఆ కాయ గింజను దాచి విత్తిన తల్లి గుణము నిలువదు, ఏటేట కొనవలసినదే. తుదకు బెండకు పొట్లము, సొరకు గోడమీది పిడక అని రాజీపడిరి. చిత్తిర చివర సొర కాచినది. అన్నింటిలో పెద్ద కాయను మనుమడు సంతకు కోయబోగా అవ్వ అడ్డగించి, దాని తొడిమకు ఎర్రని గుడ్డపేలిక కట్టెను. “అది విత్తనానికిరా, ముట్టొద్దు.” సంతలో దానికి ఎంత వచ్చునో వాడు లెక్క చెప్పుచునే యుండెను. కాయ ఇప్పటికిని తీగమీదనే యున్నది. తొడిమ ఎండువరకు, అనగా ఆని నెల దాక, అట్లే యుంచుదురట.