అలల ఒడ్డున ఇల్లు... బీమా ఉంటేనే ధీమా!

సాయంత్రం అయిదు దాటితే చాలు, విశాఖ బీచ్‌రోడ్డు జనంతో నిండిపోతుంది. ఆర్కే బీచ్‌లో పిల్లలు అలలతో పందెం కాస్తుంటారు. మురీమిక్చర్ బండ్ల దగ్గర పెద్దల కబుర్లు. ఒడ్డునే సేదదీరుతున్న కురుసుర జలాంతర్గామి. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్, ఉత్తరాన కైలాసగిరి. రోడ్డుకు ఇవతల, సముద్రంవైపు ముఖం పెట్టి వరసగా అపార్ట్‌మెంట్లు. 'సీ వ్యూ' అన్న రెండు మాటలకే ఫ్లాటు ధర పెరిగిపోయే ఊరిది.

ఆ బాల్కనీకి కట్టాల్సిన ధర మరొకటి ఉందని నగరానికి తెలిసొచ్చింది మాత్రం 2014 అక్టోబరు 12న!

ఆ ఆదివారం

తుపానులు విశాఖకు కొత్త కాదు. కానీ వాటిలో చాలా మటుకు అటు ఒడిశాకో, ఇటు గోదావరి, కృష్ణా జిల్లాలకో మళ్లిపోయేవి. హుద్‌హుద్ అలా కాదు, సరాసరి నగరం మీదికే వచ్చింది. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో గాలి. మధ్యలో కాసేపు అంతా సద్దుమణిగింది. 'హమ్మయ్య, పోయింది' అనుకున్నారు కొందరు. అది తుపాను కన్ను. అది దాటగానే గాలి దిశ మార్చుకుని మళ్లీ విరుచుకుపడింది.

తెల్లారి చూస్తే కైలాసగిరి పచ్చదనం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయాయి. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, పాలకోసం క్యూలు. ఇళ్లలో చూస్తే కిటికీ అద్దాలు పగిలి హాల్లోకి వాన, తడిసిన పరుపులు, పాడైన టీవీలు. మేడమీది నీళ్ల ట్యాంకు ఎక్కడ పడిందో వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు.

నడిచే ఇసుక

గాలి ఒక్కటే కాదు, ఈ ఊరి ఒడ్డుకు మరో చిక్కుంది. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. మధ్యలో రేవు కోసం కట్టిన గోడలు ఆ ఇసుకను ఆపేస్తాయి. దాంతో ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ ఆకలితో చిక్కిపోతుంది. అందుకే రేవు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోయడం ఇక్కడ మామూలే. దీనికి తోడు సముద్రమట్టం మెల్లమెల్లగా పెరుగుతోంది. నీరు వేడెక్కేకొద్దీ తుపాన్లకు మేత దొరుకుతుంది. మరోపక్క భారీ వర్షం పడితే కొండవాలు ఇళ్లకు మట్టిపెళ్లల భయం.

బీమా నేలకు కాదు, గోడలకు!

ఇన్ని గండాలున్నా ఇంటి బీమా అనగానే 'మనకెందుకులే' అనేవారే ఎక్కువ. బండికి తప్పనిసరి కాబట్టి చేయిస్తారు. జీవితాంతం కష్టపడి కట్టుకున్న ఇంటికి మాత్రం చేయించరు! 'కోటి రూపాయల ఇంటికి ప్రీమియం ఎంతవుతుందో' అన్న భయం ఒకటి. నిజానికి బీమా స్థలానికి కాదు, కట్టడానికి. కూలితే మళ్లీ కట్టుకోవడానికయ్యే ఖర్చే లెక్క. 1,200 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,000 రూపాయల చొప్పున లెక్కేస్తే 24 లక్షలు. బీచ్‌రోడ్డు స్థలం ధరతో దానికి పనిలేదు. అందుకే సాధారణ ఇళ్లకు ఏడాది ప్రీమియం వేలల్లోనే తేలిపోతుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని తెచ్చింది. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద, భూకంపం, కొండచరియలు విరిగిపడటం అన్నీ అందులోనే. కట్టడానికి బీమా చేస్తే, విడిగా జాబితా ఇవ్వకపోయినా ఇంట్లోని సామానుకూ ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకూ రక్షణ ఉంటుంది. మరమ్మతులు జరిగేదాకా వేరే ఇంట్లో ఉంటే ఆ అద్దెకూ వీలుంది. తలుపులు ఊడిన ఇంట్లో ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు దొంగలు పడినా వర్తిస్తుంది. నగలకు మాత్రం విడిగా తీసుకోవాలి.

బ్యాంకు అప్పుతో కొన్నవారు మరో సంగతి చూసుకోవాలి. అప్పుతోపాటు వచ్చిన పాలసీ కొన్నిచోట్ల అప్పు మేరకే ఉంటుంది. వాయిదాలు తీరిపోతే అదీ ముగిసిపోవచ్చు. ఇల్లు పూర్తిగా సొంతమైన రోజునే రక్షణ లేకుండా పోతుందన్నమాట!

ఫ్లోరిడా చెప్పే పాఠం

ప్రీమియం ఎప్పుడూ ఇలాగే ఉంటుందా? అమెరికాలోని ఫ్లోరిడాను చూస్తే గ్యారంటీ లేదనిపిస్తుంది. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను మయామీకి దక్షిణాన తాకింది. పరిహారాలు చెల్లించలేక పదికి పైగా బీమా కంపెనీలు మూతపడ్డాయి. ప్రైవేటు కంపెనీలు వెనకడుగు వేసినచోట ఆదుకోవడానికి 2002లో రాష్ట్రమే 'సిటిజన్స్' అనే సంస్థను పెట్టాల్సివచ్చింది. అక్కడ వరదకు వేరే పాలసీ తీసుకోవాలి. తుపాను నష్టంలో మొదటి వాటాను, ఇంటి బీమా మొత్తంలో ఇంత శాతమని, యజమానే భరించాలి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకూ ఈ లెక్కలు బాగా తెలుసు. తుపాన్ల నష్టం పెరిగేకొద్దీ ప్రీమియం ఇంటి వాయిదాలా గుదిబండ అవుతుందన్నదే ఆ పాఠం.

ఒడ్డునే ఉన్నవారు

బీచ్‌రోడ్డు పక్కనే జాలరిపేట. సముద్రానికి అందరికంటే దగ్గరగా ఉండేది వీళ్లే. గాలివాన వస్తే ఇల్లూ, వలా, పడవా ఒకేసారి పోతాయి. రేకుల ఇంటికి పాలసీ కాగితం ఉండటం అరుదు. ప్రభుత్వ సాయమే దిక్కు. సముద్రం చూడటానికి డబ్బు పెట్టినవారికి బీమా అందుబాటులో ఉంది. సముద్రం మీద బతికేవారికి అది అందడమే అసలు ప్రశ్న.

హుద్‌హుద్ తర్వాత నగరం త్వరగానే లేచి నిలబడింది. కైలాసగిరి మళ్లీ పచ్చబడింది. బాల్కనీల్లో సాయంకాలాలు మళ్లీ మొదలయ్యాయి. అయితే ఏటా అక్టోబరు రాగానే, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే, విశాఖవాసి ఒకసారి కిటికీ గడియ చూసుకుంటాడు. ఆ చేత్తోనే బీరువా తెరిచి పాలసీ గడువు కూడా చూసుకుంటే, ఆ రాత్రి కాస్త నిశ్చింతగా నిద్రపోవచ్చు.