శుల్బము, మాత్రిక, వేరుశనగ చేను

శుల్బమనగా త్రాడు. యజ్ఞభూమిని కొలుచు ఆ త్రాటి పేరే బౌధాయన, ఆపస్తంబాదుల శుల్బసూత్రములకు పేరైనది. ప్రథమ అగ్నిచయనమున చితి వైశాల్యము ఏడున్నర చతురశ్ర పురుషములు. శ్యేనాకారమైనను, రథచక్రాకారమైనను సరే, ఆకారము మారవచ్చును గాని వైశాల్యము మారరాదు.

ఇట్టి నియమమే మాత్రికలలోను కలదని అనంతపురం మెట్టసీమలో ఒక విద్యార్థికి తెలిసినది. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానకే నోచుకొన్న ఆ నేలలో, తండ్రి ఎడ్లనమ్మి కుమారుని ఇంజినీరింగునకు పంపెను. రేఖీయ బీజగణితమున అతడు రెండు పర్యాయములు అనుత్తీర్ణుడయ్యెను. మాత్రికలను గుణించుట వచ్చును, గుణించినదేమో తెలియదు. అర్థమెరుగని అధ్యయనమట్టిదే. వేదపాఠశాలలలోనూ ఈ దోషము లేకపోలేదు. అతడు పుస్తకములు మూటగట్టుకొని ఇల్లు చేరెను.

గ్రామమునందలి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు అతనిని చేనికి తీసికొనిపోయెను. గొర్రుతో విత్తిన సాళ్లు సమదూరముననున్నవి. సాలు వెంట ఒక అడుగు, సాళ్లకు అడ్డముగా ఒక అడుగు: ఈ రెండే మూల సదిశలు. ఏ మొక్క స్థానమైనను ఇన్ని అడుగులిటు, ఇన్ని అడుగులటు అని చెప్పవచ్చును. మాత్రికలోని మొదటి నిలువు వరుస మొదటి అడుగు ఎక్కడికి చేరెనో, రెండవది రెండవ అడుగు ఎక్కడికి చేరెనో తెలుపును. అంతే.

ఆయన పుల్లతో మట్టిలో గళ్లు గీసెను. మొదటి అడుగును కదల్పక, రెండవ దానిని సాలు వెంబడి ఒక అడుగు వాల్చెను. చదరములన్నియు ఒరిగినవి. "ఇప్పుడు గడి వైశాల్యమెంత?"

కుమారుడు సూత్రము వెదకుచుండగా తండ్రియే పలికెను: "వాలితే ఏమి సార్? సాలు పొడుగూ అదే, సాళ్ల మధ్య ఎడమూ అదే. నేల యాడికి పోతాది?"

డిటర్మినెంట్ అనబడు నిర్ధారకము ఒకటి అగుటకు అర్థమిదే.

పిమ్మట ఉపాధ్యాయుడు రెండు అడుగులను ఒకే దిశకు మరల్చెను. చేనంతయు ఒక్క సాలుగా కుదించుకొనిపోయినది, వైశాల్యము శూన్యము. ఒకే చోట పడిన మొక్కలలో ఏది ఎచ్చటినుండి వచ్చెనో ఎవరు చెప్పగలరు? కనుకనే అట్టి మాత్రికకు విలోమము లేదు.

మాత్రికలు వేదముననే కలవని కొందరందురు. అది అత్యుక్తి. శుల్బకారులకు మాత్రికలు లేవు. త్రాటితో కొలిచి, కంటితో చూచి గ్రహించుట కలదు.

ఆ రాత్రి విద్యార్థి మూట విప్పెను. పరీక్ష రుసుము గడువునకు ఇంకను నాలుగు దినములున్నవి.